రివోక్ చేసినా ప్రొసీజర్ నడుస్తోందా? పబ్లిక్‌ని చూడండి

హక్కు పబ్లిక్ నుంచి, అంటే డేటాబేస్‌లోని యూజర్లందరికీ కలిపి ఉండే పేరు నుంచి వస్తోంది. కావలి గోదాములో కౌంటర్ లాగిన్‌కి బిల్లు_రద్దు ప్రొసీజర్ (డేటాబేస్‌లో దాచిన చిన్న ప్రోగ్రామ్) నడిపే హక్కు రివోక్ చేసినా, అంటే తీసేసినా, నడస్తా ఉందన్నారు గదా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ప్రొసీజర్ పుట్టగానే ఎగ్జిక్యూట్ (నడిపే) హక్కు అందరికీ వచ్చేస్తుంది. ఒక్క పేరు మీద తీస్తే ఆగదు.

1. రివోక్ ఎగ్జిక్యూట్ ఆన్ ప్రొసీజర్ బిల్లు_రద్దు(ఇంటిజర్) ఫ్రమ్ పబ్లిక్;

2. గ్రాంట్ ఎగ్జిక్యూట్ ఆన్ ప్రొసీజర్ బిల్లు_రద్దు(ఇంటిజర్) టు మేనేజర్;

3. పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) \డీఎఫ్+ బిల్లు_రద్దు కొట్టండి. యాక్సెస్ ప్రివిలేజెస్ గడిలో =ఎక్స్/ అని మొదలైతే పబ్లిక్‌కి ఇంకా ఉన్నట్టే. గడి ఖాళీగా ఉందని మోసపోబాకండి: ఖాళీ అంటే డిఫాల్ట్, అంటే అందరికీ తెరిచే ఉంది. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

కౌంటర్ లాగినే ప్రొసీజర్ ఓనరో సూపర్‌యూజరో (అన్ని హక్కులూ ఉన్న యూజర్) అయితే ముందు అది మార్చండి, లేకుంటే ఇదంతా దండగ.

ఇకమీదట మార్పులకు క్రియేట్ ఆర్ రీప్లేస్ వాడండి. డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేస్తే పబ్లిక్ హక్కు తిరిగొస్తుంది.