వైరస్‌కు ప్రాణం లేదంటే, రొయ్యలో అది ఎలా పెరుగుతుంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ప్రాణం లేదని పుస్తకంలో రాసిన వైరస్ ఒంట్లో ఎలా పెరుగుతుంది? చెరువులో వైరస్ పడ్డాక ఏ మందు వేసినా ఎందుకు పనిచేయదు? నా అనుభవంలో ఈ రెంటికీ జవాబు ఒక్కటే. మొగల్తూరు దగ్గర చాలా ఏళ్లుగా రొయ్యలు పెంచుతున్నాను. డిగ్రీలో జువాలజీ చదివినా, తెల్లమచ్చ అనే వైరస్ రోగం వచ్చి ఒక చెరువు మొత్తం పోయిన తరువాతే వైరస్ సంగతి నాకు సరిగ్గా అర్థమైంది.

అది డిసెంబరు. వనామి రకం రొయ్య పిల్ల వేసి 42 రోజులు. ఉదయం, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. గట్టు వెంట కొన్ని రొయ్యలు పైకి తేలి నీరసంగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి, తలమీది పెంకు ఊడదీసి వెలుతురులో చూశాను. లోపల తెల్లని చుక్కలు. మా నాన్నగారు చూసి ఏమీ అనకుండా గట్టు మీద కూర్చుండిపోయారు. 1990ల మధ్యలో, టైగర్ రొయ్య కాలంలో ఆయన ఇవే చుక్కలు చూశారు. నేను మాత్రం పట్నం వెళ్లి, ఒక దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ తెచ్చి మేతలో కలిపాను. ఐదో రోజుకు చెరువులో బతికిన రొయ్య లేదు.

ఆ మందు ఎందుకు పనికిరాలేదో చెబుతాను. మన చెరువుల అడుగు బురదలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. మిగిలిపోయిన మేతను తిని, తనంతట తానే రెండుగా, నాలుగుగా పెరుగుతుంది. దానికి గోడ ఉంది, లోపల ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోములు ఉన్నాయి. యాంటీబయాటిక్ దెబ్బ తీసేది ఇలాంటి భాగాలనే. వైరస్‌కు ఆ గోడా లేదు, రైబోజోములూ లేవు. ఒక ప్రొటీన్ గుల్ల, దానిలో చుట్టిపెట్టిన జన్యుపదార్థం, కొన్నింటికి పైన ఒక కొవ్వు పొర, అంతే దాని ఆస్తి. తెల్లమచ్చ వైరస్‌లయితే రెండు వేలు వరుసగా పేర్చినా ఒక మిల్లీమీటరు దాటవు.

వడ్లగింజ కూడా గాదెలో కదలకుండా పడి ఉంటుంది. కాని దానిలో మొలకకు కావలసిన తిండి ఉంది, తడి తగిలితే లేస్తుంది. వైరస్‌ను నీటిలో ఎన్నాళ్లు ఉంచినా ఒకటి రెండు కాదు. రొయ్య గాని, పీత గాని లేని చెరువులో దాని సంఖ్య రోజురోజుకూ తగ్గుతుందే తప్ప పెరగదు. ఈ ఒక్క తేడా ఆ డిసెంబరుకు ముందే నా మనసుకు ఎక్కి ఉంటే బాగుండేది.

ప్రాణం గురించిన మీ సందేహం పాతదే. పొగాకు ఆకు మీద మచ్చలు తెచ్చే రోగకారకం, బ్యాక్టీరియాను ఆపేసే వడపోతను కూడా దాటిపోతోందని 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ చూశాడు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ అదే వైరస్‌ను ఉప్పుకల్లులా స్ఫటికాలుగా తీశాడు. ఆ స్ఫటికాలను కరిగించి ఆకుకు రుద్దితే మళ్లీ రోగం వచ్చింది. స్ఫటికంగా సీసాలో ఉన్నంతసేపు అది రసాయనం, ఆకు కణంలో పడితే రోగం. అందుకే నేను వైరస్‌కు ప్రాణం ఉందా అని అడగడం మానేసి, అది దూరిన కణం ఏం చేస్తోందని అడగడం మొదలుపెట్టాను.

ఎందుకంటే పనంతా చేసేది కణమే. తెల్లమచ్చతో చచ్చిన రొయ్యను ఇంకో రొయ్య తింటుంది. వైరస్ పైపొరలోని ప్రొటీన్లు పొట్టలోనో మొప్పల్లోనో కణాల పైభాగానికి అతుక్కుంటాయి. కణం దాన్ని తన సరుకే అనుకున్నట్టు లోపలికి తీసుకుంటుంది. గుల్ల విడిపోయి డీఎన్ఏ కేంద్రకంలోకి చేరుతుంది. సుమారు మూడు లక్షల అక్షరాల పొడవున్న రాత అది. ఆ రాత ప్రకారం కణం తన శక్తితో, తన రైబోజోములతో వైరస్ భాగాలను తయారుచేసి పెడుతుంది. కేంద్రకం ఉబ్బిపోతుంది, కణం పగులుతుంది, కొత్త వైరస్‌లు పక్క కణాల మీద పడతాయి. పెంకును తయారుచేసే కణాలు ఇలా చెడినందువల్ల కాల్షియం అక్కడక్కడా గడ్డకడుతుంది. మనకు కనిపించే చుక్కలు అవే. అంటే చుక్క కనబడే వేళకు లోపల పని చాలావరకు జరిగిపోయింది.

రొయ్యకు మనలాగా యాంటీబాడీలు తయారుకావు. అందుకే మనం వేయించుకునే తరహా టీకా దానికి లేదు.

ఏ వైరస్ అయినా తనకు సరిపడే కణంలోకే దూరుతుంది. తెల్లమచ్చ రొయ్యలకు, పీతలకు వస్తుంది గాని మనుషులకు రాదు, తిన్నా రాదు. మొక్కల సంగతి వేరు. వాటి కణాలకు గట్టి గోడ ఉంటుంది కనుక వైరస్‌కు గాయమో పురుగో కావాలి. రావులపాలెం వైపు అరటి తోటల్లో ఆకులు కురచబడి పైన గుత్తిగా మొలిచే తెగులు చూసే ఉంటారు. ఆ వైరస్‌ను మోసేది పేనుబంక. రసం పీల్చే సూదిలాంటి నోటితో అదే దారి తెరుస్తుంది.

కాబట్టి చేయగలిగినదంతా వైరస్ కణంలోకి దూరకముందే చేయాలి. నా తప్పు అక్కడే జరిగింది. ఎగువన ఎవరో రోగం వచ్చిన చెరువు నీటిని మురుగు కాలువలోకి వదిలారు, నేను ఆ వారమే అదే కాలువలో మోటారు పెట్టి నీరు తోడాను. ఇప్పుడు పంట అయ్యాక చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగడుతున్నాను. నీరు పెట్టి బ్లీచింగ్ చల్లి, కొన్నాళ్లు ఆగిన తరువాతే పిల్ల వేస్తాను. తెల్లమచ్చ వైరస్‌లాగా కొవ్వు పొర ఉన్న వైరస్‌లను చెడగొట్టడం సులువు. కరోనా కాలంలో సబ్బుతో చేతులు కడగమన్నది కూడా ఇందుకే. వైరస్ జన్యుపదార్థం ఉందేమో పట్టే పీసీఆర్ పరీక్ష చేయించకుండా పిల్లను తేను. యాంటీబయాటిక్ జోలికి అసలు పోను. అవశేషాలు దొరికితే విదేశాల్లో సరుకు వెనక్కి కొడతారు, పైగా చెరువులోని బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది.

చచ్చిన రొయ్యను నీటికాకి ఎత్తుకుపోతూ పక్క చెరువులో జారవిడిచినా చాలు, అందుకే చెరువు మీద తాళ్లు కట్టాను. ఏ లక్షణమూ లేకుండా వైరస్‌ను మోసే పీతలు ఉంటాయి. గట్టు చుట్టూ మోకాలెత్తు నీలం వల వాటి కోసమే. వారానికోసారి దాని చుట్టూ నడిచి, పీతలు తవ్విన బొరియలు ఎక్కడైనా ఉంటే పూడుస్తాను.