కోడింగ్ చేతిలో ఉండగా అర్థశాస్త్రమంటే భయమెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. ఈమధ్య అర్థశాస్త్రం పుస్తకాలు తెచ్చుకుని, పేదలకు పనికొచ్చే పని చేస్తానంటోంది. పక్కింటి అబ్బాయికి 12 లక్షల ప్యాకేజీ వచ్చింది. ఈమెను ఏఐ కోర్సులో చేర్చమంటారా, ఇలాగే సాగనివ్వమంటారా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: లక్షలు పోసి చదివిస్తున్న పిల్ల జీతం లేని సేవలో పడిపోతుందేమోనన్నది మీ బెంగ. ఆమె సీఎస్‌ఈ మానడం లేదు కదా! సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దారి తెరిచే ఉంటుంది. పరిశోధన సంస్థల్లో మొదట్లో జీతం తక్కువే ఉండవచ్చు, అది దాచను.

నా అనుమానమంతా నాలుగు నెలల ఏఐ సర్టిఫికెట్ల మీద, సమాజసేవ పేరుతో యాప్‌లు చేసే మోజు మీద. నా దగ్గరకు వచ్చే ఇద్దరు విద్యార్థులు చేపల ధరలు చూపే యాప్ తయారుచేశారు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో ఒక పడవ యజమానికి చూపించాం. తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు, శ్రద్ధగా చూశాడు. "ధర తెలిసి ఏం లాభం బాబూ? డీజిలుకు అప్పిచ్చిన షావుకారుకే సరుకు వేయాలి" అన్నాడు. యాప్ బాగానే పనిచేస్తోంది, అప్పు సంగతే ఎవరూ అడగలేదు. కేరళలో సెల్‌ఫోన్లు వచ్చాక రేవుకీ రేవుకీ మధ్య మత్తి చేపల ధరల్లో తేడా బాగా తగ్గిందనీ, అమ్ముడుపోక పారబోయడం ఆగిందనీ ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో చూపించారు. అక్కడ ఉపయోగపడ్డ ఫోను ఇక్కడ ఎందుకు పడలేదు? ఇలా అడగడం అర్థశాస్త్రం నేర్పుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్రల కార్డులతో ఇచ్చినప్పుడు కూలి త్వరగా అందిందనీ, మధ్యలో కాజేయడం తగ్గిందనీ ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం లెక్కలతో తేల్చింది. మీ అమ్మాయి చేయాలనుకుంటున్నది ఇలాంటి పనే కావచ్చు.

పక్కింటి అబ్బాయి ప్యాకేజీ అంకెతో సహా రాశారు. మీ కూతురు తెచ్చుకున్న పుస్తకం పేరు ఒక్కటీ రాయలేదు. అడిగారా అసలు?

ఈ రెండేళ్లూ గణాంకశాస్త్రం, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో తేల్చే పద్ధతులు) గట్టిగా చదవమనండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. తర్వాత ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో అర్థశాస్త్ర పీజీ కోర్సు ఎంఎస్‌క్యూఈకి బీటెక్ వాళ్లూ పోటీపడవచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. ఒక ఆదివారం ఆమెతో హార్బర్‌కు వెళ్లండి. ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారో, నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే భృతి ఏ రోజు చేతికందిందో ఆమె అడుగుతుంది. మీరు నోటుబుక్కులో రాసిపెట్టండి.