మోకాలు మళ్లీ తెరిచే ముందు

తమ్ముడూ,

మొదటి రివిజన్ కేసు (పాత కృత్రిమ మోకాలు తీసి కొత్తది వేసే ఆపరేషన్) సొంతంగా చేయబోతున్నావని రాశావు, సంతోషం. కత్తి పట్టేముందు ఒక్కటి తేల్చుకో: పాత మోకాలు ఎందుకు చెడింది? ఊడిందా, చీము పట్టిందా, లిగమెంట్లు వదులయ్యాయా, బిగుసుకుపోయిందా? "నొప్పిగా ఉందట" అన్నది కారణం కాదు. కారణం దొరకని నొప్పికి రివిజన్ చేస్తే చాలాసార్లు నొప్పి అలాగే మిగులుతుంది. తుంటి నుంచో నడుము నుంచో దిగుతోందేమో ముందు చూడు.

ఎక్స్‌రే ఎంత బాగున్నా ఇన్ఫెక్షన్ సంగతి తేలేదాకా ముట్టుకోకు. ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ చేయించు, మోకాలి నీరు తీసి పంపు. యాంటీబయాటిక్ ఆపి కనీసం 2 వారాలైనా గడవకపోతే కల్చర్‌లో (క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) క్రిమి దొరక్కపోవచ్చు. పాత ఇంప్లాంట్ ఉన్న మోకాలి నీటిలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,000, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 80 శాతం దాటితే గట్టిగా అనుమానించాల్సిందే. కల్చర్ 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు నువ్వే చెప్పు. థియేటర్‌లో కల్చర్‌కు 5 కణజాల ముక్కలు తియ్యి, ఒక్కోదానికి వేరే ఫోర్సెప్స్ (పట్టుకారు).

పాత కోతలు రెండు మూడుంటే పనికొచ్చేవాటిలో బయటివైపుది ఎంచుకో. అక్కడి చర్మానికి రక్తం ఎక్కువగా లోపలివైపు నుంచే వస్తుంది.

అసలు భయం పటెల్లార్ టెండన్‌తో, అంటే మోకాటిచిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే పట్టీతో. అది టిబియా (మోకాలి కింది ఎముక) నుంచి ఊడొచ్చిందంటే ఆ కాలు మళ్లీ సరిగ్గా చాపించడం చాలా కష్టం. అందుకే తొందరపడి మోకాలు వంచకు. గట్టర్లలోని (కీలు పక్క సందులు) మచ్చ కణజాలమంతా తీసెయ్, పాలీ (మధ్యలోని ప్లాస్టిక్ ముక్క) బయటికి లాగు, పటెల్లాను (మోకాటిచిప్ప) తిరగెయ్యకుండా పక్కకు జరుపు. అప్పటికీ చోటు చాలకపోతే క్వాడ్రిసెప్స్ స్నిప్, అంటే తొడ ముందు కండర టెండన్‌కు పైన ఏటవాలు కోత. దానికి తర్వాత ఫిజియోథెరపీ కూడా మార్చక్కర్లేదు.

సన్నటి రంపం ఇంప్లాంట్‌కీ సిమెంటుకీ మధ్య నడవాలి, సిమెంటుకీ ఎముకకీ మధ్య కాదు. ఫీమర్ (తొడ ఎముక) భాగం ముందు తియ్యి. తేలిక దెబ్బలకు కదల్లేదంటే ఇంకా ఎక్కడో అంటుకుని ఉన్నట్టే, మళ్లీ రంపం పట్టు. గునపంలా ఎత్తావో, కాండైల్ (ఫీమర్ చివరి గుబ్బ) విరుగుతుంది.

కొత్తది కట్టేటప్పుడు టిబియాతో మొదలుపెట్టు. మోకాలు వంచినప్పుడు రెండు ఎముకల మధ్య ఖాళీ ఎక్కువుంటే మందపాటి పాలీతో పూడ్చాలనిపిస్తుంది. వద్దు. చాపినప్పుడు బిగుస్తుంది, ఫీమర్ కిందిభాగం ఇంకా కోస్తావు, జాయింట్ లైన్ (రెండు ఎముకలు కలిసే మట్టం) పైకెక్కుతుంది. పెద్ద సైజు ఫీమర్ భాగం వేసి వెనక ఆగ్మెంట్లు (ఎముక లోటు పూడ్చే లోహపు ముక్కలు) పెట్టు. ఎముకలో పెద్ద గుంతలకు కోన్ గానీ స్లీవ్ గానీ, రెండూ గుంత నింపే లోహపు భాగాలే.

ఎమ్‌సీఎల్ (మోకాలి లోపలివైపు లిగమెంట్) పోయి ఉంటే రొటేటింగ్ హింజ్, అంటే రెండు భాగాల్నీ బందులా కలిపే ఇంప్లాంట్, తప్పకపోవచ్చు. ఆ సెట్టు వచ్చిందో లేదో ముందురోజే పెట్టె తెరిపించి చూసుకో.