చెప్పు జారుతోందా, లేదా?

చి. చిన్నాకి, బాబాయి ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నీ కుశలం మీద నీకే నమ్మకం పోయిందని వదిన ఫోన్లో చెప్పింది. పిక్కలో కండ అదురుతోందని మూడు వారాలుగా రాత్రిళ్లు లైటు వేసుకుని కాలికేసి చూస్తూ కూర్చుంటున్నావట. కండల్ని కదిపే నరాలు చచ్చిపోయే ఏఎల్ఎస్ అని జబ్బు పేరు కూడా నువ్వే తేల్చేసుకున్నావట.

నేను నరాల విభాగంలో ఈఎంజీ మిషను, అదే కండలో సూది దింపి అందులోని కరెంటును పరీక్షించే మిషను, దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేశాను కదా. అక్కడికి ఆ జబ్బుతో వచ్చినవాళ్లలో "కండ అదురుతోంది" అంటూ వచ్చినవాళ్లు చాలా తక్కువ. "చొక్కా గుండీ పట్టడం లేదు", "చెప్పు కాలినుంచి జారిపోతోంది, జారినట్టు కూడా తెలియడం లేదు", "మాట ముద్దగా వస్తోంది", "మంచినీళ్లు తాగితే పొలమారుతోంది", ఇవీ వాళ్ల మాటలు. బట్టలు తీసి చూస్తే కండలు అదురుతూ ఉండేవి. చాలామంది అప్పటిదాకా వాటిని గమనించనేలేదు. ఆ జబ్బులో అదురు కంటే ముందు కనపడేది సాధారణంగా బలం తగ్గడమే. అదురుతోనే మొదలైన కేసులు అసలు లేవని అబద్ధం చెప్పను, అరుదు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు వేరే లోపమేమీ లేకుండా ఇలా కండలు అదిరే 121 మందిని ఏళ్ల తరబడి కనిపెట్టి చూసి 1993లో రాశారు. ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదు.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నాకు ముప్పై ఆరేళ్లప్పుడు ఎడమ బొటనవేలి మొదట్లో అదురు మొదలైంది. రోజంతా ఆ రోగుల మధ్యే ఉండేవాణ్ణి, ఇంక చూడు. టేపుతో రెండు చేతులూ కొలిచాను, ఎడమది అర సెంటీమీటరు సన్నం. కుడిచేతివాటం మనిషికి కుడిచెయ్యి లావుగా ఉంటుందన్న ఇంగితం కూడా లేకపోయింది! ఆఖరికి డాక్టరుగారే పిలిచి నా చేతిలో సూది దింపారు. ఆ మిషనుకి స్పీకరు ఉంటుంది. కదలకుండా ఉన్న కండలోంచి చప్పుడు రాదు. ఉత్త అదురైతే పేలాలు పేలినట్టు ఎప్పుడో ఒక "టప్". నరం చచ్చిపోతున్న కండైతే రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టు ఆగకుండా వినిపిస్తుంది. ఆ చినుకుల కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. రెండు "టప్"లు, అంతే. ఇప్పటికీ నిద్ర చెడితే ఆ వేలు అదురుతుంది.

నువ్వు చేయాల్సింది: నరాల డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్లు. సుత్తితో మోకాలు కొట్టి, నాలుక చూసి, బలం పరీక్షిస్తారు. థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం చూపించుకోవాలా అని అడుగు. ఉబ్బసానికి నువ్వు పీల్చే మందు సంగతి తప్పకుండా చెప్పు, అది కూడా కండల్ని అదిరించగలదు. ఈఎంజీ చేయించమంటే చేయించుకో, అక్కర్లేదంటే ఆయనతో వాదించకు. ఆయన మాట నచ్చలేదని రెండో డాక్టరు, మూడో డాక్టరు దగ్గరికి తిరగడం మొదలుపెట్టావో, దానికి అంతుండదు.

మడమల మీద, మునివేళ్ల మీద రోజుకి ఇరవైసార్లు నడిచి చూసుకోవడం ముందు మానెయ్. అలా అలిసిన కండ ఇంకా అదురుతుంది, దాంతో నీ అనుమానం ఇంకా పెరుగుతుంది. నైట్ షిఫ్టులో ఆరు కాఫీలు తాగి, పగలు నాలుగ్గంటలు పడుకునేవాడికి కండ అదరకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. కాఫీ రెండుకి దించు. మెగ్నీషియం మాత్రలు నీ అంతట నువ్వు మింగకు. ఫోనులో వెతకడం ఒక్కసారిగా మానలేవని తెలుసు, కనీసం పక్క మీద మానెయ్.

మా అమ్మకి, అదే మీ నానమ్మకి, ఎడమకన్ను అదిరితే శుభం, కుడికన్ను అదిరితే కీడు. ఆవిడకి సగం అదుర్లైనా శుభవార్తలే. నీకు అన్నీ కీడేనట్రా!

ఒకటి మాత్రం అశ్రద్ధ చెయ్యకు. చెప్పు నిజంగా జారినా, తాళంచెవి తిప్పలేకపోయినా, మాట తడబడుతోందని పక్కవాళ్లు అన్నా, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లు, నాకూ ఫోను చెయ్.

పండక్కి వచ్చేటప్పుడు ఆ టేపు పట్టుకురా. కుట్టుమిషను సొరుగులో దానికోసం మీ అమ్మ నెలనించీ వెతుక్కుంటోంది.

బాబాయి