ఒక్కో పాటనే జనంలోకి పంపు తమ్ముడూ

12 జానపదాలూ ఒకేరోజు వదిలేసి, రెండు వారాలకే ఎవరూ వినట్లేదని టెన్షన్ పడుతున్నావు, కానీ తప్పు పాటలది కాదు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ ఆల్బమ్‌లో ఉన్నవి 9 పాటలే, వాటిలో 7 ఒక్కొక్కటిగా ఏడాదికి పైగా సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా వచ్చాయి, ఏడూ అమెరికాలో టాప్ 10కి ఎక్కాయి, అంటే ఒకటి పాతబడేలోపు ఇంకొకటి చెవిన పడింది.

పాటకి ఒక వేళ కూడా కుదరాలి. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం చూడు, మన తిరుపతిలో మా వీధి టీ కొట్టాయన పొయ్యి మీద పాలు పెడుతూనే అది వేస్తాడు, నాకైతే ఆ గొంతు వింటే పాలు పొంగే వాసన గుర్తొస్తుంది. నీ నాట్ల పాట బాగుంది, దాన్నే ముందు పట్టుకో. నాట్లు పడే రోజుల్లో చంద్రగిరి, పాకాల వైపు ఆటోవాళ్ల ఫోన్లలోకి ఎక్కించు. మిగతావి నెలకొకటి చాలు.