టెక్ సందేహాలు: తూటా పెట్టె మీది అంకెలు ఏం చెబుతాయి?

ప్రశ్న: మా తాతగారి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ లైసెన్సు ఇటీవలే నా పేరు మీదికి మారింది. హైదరాబాద్‌లో క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలను పేల్చే ఆట) నేర్చుకోవాలని ఉంది. తూటాల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే 7½, 8, 9 అని, 24 గ్రాములని, 70 మిల్లీమీటర్లని ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. కొత్తవాడిని, ఏది కొనాలి? అవే వేటకూ పనికొస్తాయా?
– నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫోన్లు, ప్రింటర్ల ఉత్తరాల నడుమ తూటాల ఉత్తరం రావడం ఈ శీర్షికకు కొత్తే. ప్రింటర్‌లో తప్పు కార్ట్రిడ్జ్ పెడితే కాగితం పాడవుతుంది. మీ దగ్గరున్న యంత్రంలో పెడితే చెయ్యి పోతుంది. అందుకే పెట్టె మీది అంకెల కన్నా ముందు తుపాకీ మీది అంకెలు చదవండి.

తుపాకీని మడతపెట్టి గొట్టాలను విడదీస్తే వాటి అడుగున, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) దగ్గర చిన్న ముద్రలు కనిపిస్తాయి. 12 అన్నది బోరు, అంటే గొట్టం లావు చెప్పే అంకె. ఈ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. దాని పక్కన 2½ అని ఉంటే అది అంగుళాల లెక్క, అంటే 65 మిల్లీమీటర్ల ఛాంబర్. 2¾ అని ఉంటే 70. తాతల కాలపు ఇంగ్లిష్ తుపాకులు చాలావరకు 65వే. ఇప్పుడు బజారులో దొరికే తూటాలేమో ఎక్కువగా 70.

చిక్కంతా ఇక్కడే ఉంది. పెట్టె మీద వేసే పొడవు తూటా పేలిన తర్వాతి పొడవు. పేలకముందు దాని మూతి మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా 65 ఛాంబర్‌లో హాయిగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది, ఏ అనుమానమూ రాదు. పేలినప్పుడు ఆ మడత ముందున్న ఇరుకు భాగంలోకి విచ్చుకుని దారి బిగిస్తుంది. లోపలి ఒత్తిడి ఆ పాత గొట్టం తట్టుకోగలిగిన హద్దు దాటవచ్చు. 'పట్టింది కదా' అన్న ధీమా ఇక్కడ చెల్లదు. ముద్రలు అరిగిపోయి ఉంటే లైసెన్సున్న తుపాకీ మరమ్మతుదారు చేత ఛాంబర్ కొలిపించండి. గొట్టం మీద అలలు అలలుగా చారలు కనిపిస్తే అది పాత నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలపు డమాస్కస్ గొట్టం, అంటే ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి అతికించి చేసినది కావచ్చు. నిపుణుడు చూసి సరేననేదాకా దాన్ని పేల్చే మాటే వద్దు.

ఇంకొక ప్రమాదం గురించి కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. 20 బోరు తూటా 12 బోరు గొట్టంలోకి జారి కొంతదూరం వెళ్లి ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగానే ఉంటుంది. దాని వెనక ఇంకో తూటా పెట్టి కాలిస్తే గొట్టం చీలిపోతుంది. 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసేది ఇందుకే. రెండు రకాలనూ ఒకే సంచిలో ఎప్పుడూ వేయకండి.

ఇక మీరు అడిగిన అంకెలు. 7½, 8, 9 అనేవి లోపలి సీసపు గుళ్ల సైజులు. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. దేశానికొక కొలత కావడం వల్లే ఇంటర్నెట్‌లో అంత గందరగోళం. అమెరికా వాళ్ల 7½, ఇంగ్లండ్ వాళ్ల 7 ఒకటే, రెండూ సుమారు 2.4 మిల్లీమీటర్లు. కాబట్టి నంబరును పక్కనపెట్టి పెట్టె మీది మిల్లీమీటర్లే చూడండి. 24 అన్నది గుళ్లన్నిటి బరువు. క్లే షూటింగ్‌లో ఒలింపిక్ పోటీలైన ట్రాప్, స్కీట్‌లలో అనుమతించేది అంతే. 24 గ్రాముల్లో 7½ సైజు గుళ్లు 300 దాకా, 9 సైజువి 500కు కాస్త అటూఇటూగా పడతాయి. పగలగొట్టాల్సిన మట్టి పళ్లెం వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. అంత అల్పమైన దానికి భారీ మందు దట్టించిన తూటా ఎందుకు?

నా సలహా అడిగితే, తుపాకీకి సరిపడే పొడవులో 24 గ్రాముల తూటాతో మొదలుపెట్టండి. ట్రాప్‌లో పళ్లెం మీ నుంచి దూరంగా పారిపోతుంది కాబట్టి 7½. స్కీట్‌లో దగ్గరగా అడ్డంగా పోతుంది కాబట్టి 9. ఏ ఆటో తేలకపోతే 8 తీసుకోండి. దుకాణంలో ఎవరైనా 'ఇది గట్టిగా కొడుతుంది' అంటూ 32 గ్రాములవి చూపిస్తే దండం పెట్టి బయటికి రండి. ఆ తూటా ముందు కొట్టేది మీ భుజాన్ని. భుజం నొప్పి పుడితే ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకునే అలవాటు పట్టుకుంటుంది, అది వదిలించుకోవడం కష్టం.

మన లైసెన్సుదారులకు బాగా పరిచయమైనవి పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం తయారుచేసే శక్తిమాన్ తూటాలు. వాటిలో ఎల్‌జీ, ఎస్‌జీ గుర్తులున్నవి పెద్ద గుళ్లవి. మీ ఇంటి పెట్టెలో పాతవి మిగిలి ఉంటే రేంజికి తీసుకెళ్లకండి. వాటికి అక్కడ చోటు లేదు. తుపాకీని జిల్లా దాటించే ముందు లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న రాష్ట్ర షూటింగ్ రేంజిలో ముందే మాట్లాడుకుని వెళ్లండి. హైదరాబాద్ ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్ దాకా వెళ్లాడు కాబట్టి ఈ ఆట మనకు మరీ పరాయిదేమీ కాదు.

వేట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేట నేరం. కుందేలైనా, నెమలైనా ఇదే మాట. కాబట్టి వేటకు ఏ తూటా మంచిదన్న ప్రశ్న మన దగ్గర పుట్టనే పుట్టదు.

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర. వేరుశనగలోకి అడవిపందులు, జింకలు పడుతున్నాయి. వాటిని తరమడానికి తుపాకీ మంచిదా, ఏదైనా పరికరం ఉందా?

జవాబు: తుపాకీ ఆలోచన మానుకోండి. మీ పొలాల్లోకి వచ్చేది కృష్ణజింక. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పంట నాశనం చేసే అడవిపందిని చంపించాలన్నా ఆ అనుమతి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడో, ఆయన అధికారం ఇచ్చిన అధికారో రాతపూర్వకంగా ఇవ్వాలి.

పరికరాల్లో నేను నమ్మేది సౌర కంచె. అందులోని యంత్రం సెకనుకో మారు, కంటిరెప్ప పాటు కూడా ఉండని షాకును తీగలోకి పంపుతుంది. జంతువు అదిరిపడుతుంది, చావదు. లైను నుంచి తీగ లాగి పొలం చుట్టూ కట్టడం దీనికి పూర్తిగా వేరు. అందులో ప్రవాహం ఆగదు, పట్టుకున్న వాళ్లను వదలదు. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులే దానికి బలవుతున్నారు. సౌర కంచె కొనేటప్పుడు ఎర్త్ కడ్డీ సంగతి గట్టిగా అడగండి. ఎండాకాలంలో నేల ఎండితే ఎర్త్ సరిగా అందక కంచె ఉన్నా షాకు తగలదు. పులి అరుపులు వినిపించే స్పీకర్లు కొన్నాళ్లు బాగానే పనిచేస్తాయి, తర్వాత పందులకు అలవాటైపోతాయి. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు వేయడం గ్యాజెట్ కాదు కానీ, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

ప్రశ్న: షూటింగ్ రేంజిలో చెవులకు నా నాయిస్ క్యాన్సలింగ్ ఇయర్‌బడ్స్ సరిపోవా?
– మహబూబ్‌నగర్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: సరిపోవు. బస్సు ఇంజిను, ఫ్యాను లాంటి ఆగకుండా సాగే మోతను తగ్గించడానికి అవి పుట్టాయి. తుపాకీ చప్పుడు 150 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది, తృటిలో వచ్చి పోతుంది. మీ ఇయర్‌బడ్స్ లెక్క కట్టేలోపు చెవికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. షూటింగ్‌కని తయారుచేసిన ఇయర్ మఫ్‌లు కొనండి, పెట్టె మీద ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తాయో రాసి ఉన్నవే తీసుకోండి. డబ్బు పెట్టగలిగితే ఎలక్ట్రానిక్ రకం మేలు, కోచ్ మాటలు వినిపిస్తాయి.

ప్రశ్న: వాట్సాప్‌లో ఒకరు తూటాలు ఇంటికి కొరియర్‌లో పంపుతామంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: వద్దు. తూటాలు లైసెన్సు చూపించి, లైసెన్సున్న డీలరు దగ్గర, అందులో రాసినన్ని మాత్రమే కొనాలి. మీకు వచ్చిన సందేశం డబ్బు గుంజే మోసమైనా కావాలి, ఆయుధాల చట్టం కింద కేసైనా కావాలి. ఆ నంబరును బ్లాక్ చేయండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.