లిబ్రేఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి సాఫ్ట్‌వేర్) డబ్బు కట్టకుండా వాడితే పైరసీ అవుతుందా?

కాదు. ఇలాంటివి అడగడానికి మొహమాటపడకండి, తెలియక క్రాక్ (లైసెన్స్ తాళం విరగ్గొట్టిన కాపీ) వేసుకోవడం కంటే అడగడమే నయం. లిబ్రేఆఫీస్, వీడియోలు చూసే వీఎల్‌సీ, ఫొటోలు దిద్దే జింప్ లాంటివాటిని తయారుచేసినవాళ్లే లైసెన్స్‌లో రాసిచ్చారు, వాడుకోండి, పెన్‌డ్రైవ్‌లో వేసి పదిమందికి పంచండి, సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) తెరిచి మార్చుకోండి అని, చివరికి సీడీలో వేసి అమ్ముకున్నా తప్పు లేదు. ఫొటోషాప్‌కి ఆ అనుమతి లేదు కాబట్టి క్రాక్ చేసింది దొంగ కాపీయే, అదని తెలిసీ కంప్యూటర్‌లో వాడటం మన 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద నేరం. పైగా క్రాక్‌తో వచ్చే సూచనల్లో చాలాసార్లు ముందే యాంటీవైరస్ ఆపేయమని ఉంటుంది, అక్కడే అనుమానం రావాలి! ఒక్క మాట, డబ్బు అడగనిదల్లా ఇలా స్వేచ్ఛనిచ్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాదు. ఫైళ్లను కుదించే విన్‌రార్ 40 రోజుల ట్రయల్ మాత్రమే, దాని బదులు సెవెన్‌జిప్ పెట్టుకోండి.